బూజుకర్రతో తిప్పిన ముళ్ళు

నేను ఒక గోడ గడియారాన్ని. నా వృత్తి నిజం చెప్పడం. మధ్యలో ఒక రెండేళ్ళు అబద్ధాలు చెప్పాను, ఆ సంగతి మీ దగ్గర దాచను. దాచినా లాభం లేదు, ఆ అబద్ధాలు పదకొండు వేలమంది ఆడవాళ్ళ ఫోన్లలో ప్రత్యక్ష ప్రసారమయ్యాయి. వాళ్ళలో మీ ఇంటివాళ్ళు కూడా ఉండే ఉంటారు.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. నాలాంటివాటిని మూడొందలు వరసగా పడుకోబెట్టి, అన్నిటికీ పదీ పది పెట్టి అట్టపెట్టెల్లో సర్దారు. అలా పెడితే ముఖం నవ్వుతున్నట్టు కనిపిస్తుందట, కొనేవాడికి ముచ్చటేస్తుందట. అంటే టైము చెప్పడం కంటే ముందే అమ్ముడుపోవడానికి నవ్వడం నేర్చుకున్నానన్నమాట. మనుషులు మమ్మల్ని తయారుచేసేటప్పుడే వాళ్ళ బుద్ధులు కొన్ని లోపల పెట్టి మూత బిగిస్తారు.

మొదటి ఉద్యోగం ఒక బస్ స్టేషన్లో, కంట్రోలర్ గదిలో. కంట్రోలర్ అంటే తెలుసుగా, కిటికీ వెనకాల కూచుని ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అని పుస్తకంలో రాసే మనిషి. జనం దృష్టిలో మాత్రం ప్రతి బస్సు ఆలస్యానికీ తిట్లు తినే మనిషి. ఆయన పేరు నాగేంద్రం. నిప్పులాంటి మనిషి అంటారే, అచ్చం అదే. నేను గోడ మీద ఉండగా చేతికి ఇంకో గడియారం దండగని ఏనాడూ వాచీ పెట్టుకోలేదు.

డ్రైవర్లు కిటికీ దగ్గరకొచ్చి బతిమాలేవాళ్ళు. "సారూ, పది నిమిషాలేగా సారూ, కరెక్ట్ టైమని ఏసెయ్ సారూ" అనేవాళ్ళు. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసేవాడు. "బస్సు లేటవడం తప్పు కాదబ్బాయ్. టైరుంటది, పంచరవుద్ది. రైల్వే గేటుంటది, పడుద్ది. లేటు కాలేదని రాయడం తప్పు" అని, నావైపు ఒకసారి చూసి, ఎర్ర సిరాతో 'ఆలస్యం పదమూడు నిమిషాలు' అని రాసేవాడు. నా వల్ల ఒక్క బస్సు కూడా టైముకి రాలేదు, ఒప్పుకుంటాను. కానీ ఏ బస్సు ఎంత లేటో మా ఇద్దరంత కచ్చితంగా చెప్పినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు.

ఒక దసరా రద్దీలో ఎవరో నెత్తినెత్తుకున్న ట్రంకుపెట్టె తగిలి నా ముఖం మీది అద్దం పగిలిపోయింది. కొత్తది ఇవాళ వేయిస్తాం, రేపు వేయిస్తాం అంటుండగానే నా సర్వీసు అయిపోయింది. ఎర్ర అంకెలతో మెరిసే బోర్డు ఒకటి వచ్చి నా చోట్లో కూచుంది. నాగేంద్రం గారి రిటైర్మెంటూ అదే ఏడు. పాత సామానులో పడేసిన నన్ను ఆయన అడిగి కొనుక్కున్నాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, నాక్కూడా టికెట్ కొట్టమంటే కండక్టరు పడీ పడీ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

అలా చీరాలలో ఆయన ఇంటి హాల్లో, పెరటి తలుపుకి ఎదురుగా ఉన్న గోడ మీదికొచ్చాను. ఇంట్లో ఆయన, కూతురు మంజుల, కొడుకూ కోడలూ. కొడుకు ప్రభాకరం మందుల కంపెనీ పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు, ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. ఇక కోడలు నీలవేణి. ఈ కథంతా ఆ పిల్లదే, నేను మధ్యలో దూరి ఆత్మకథ అంటున్నాను గానీ.

నీలవేణి పుట్టింటివాళ్ళు మగ్గం మీద బతికేవాళ్ళు. తమ్ముడు నేసిన కుప్పడం చీరలు ఏడాదికేడాది పెట్టెల్లో మగ్గిపోతుంటే చూసి చూసి, ఒకరోజు ఫోను స్టాండుకి తగిలించి, నా కింద నిలబడి లైవ్ మొదలుపెట్టింది. మొదటి లైవ్‌కి ముగ్గురు వచ్చారు. ఒకరు చెల్లెలు. ఒకరు తనే, మంజుల ఫోన్లోంచి. మూడో ఆయనెవరో 'ఇక్కడ సిమెంటు దొరుకుతుందా' అని అడిగి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల మాత్రం గంటంబావు నవ్వుతూనే మాట్లాడింది, లైవ్ ఆపేశాక మడిచిన చీరల మీద తలపెట్టుకుని ఏడ్చింది. నాకు జాలేసింది.

తర్వాత ఒక నెల ఎవరెవరు ఎలా అమ్ముతున్నారో కూచుని చూసింది. చూసి నేర్చుకుంది. పద్నాలుగు చీరలుంటే "లాస్ట్ పీస్ అక్కా, ఇది పోతే మళ్ళీ రాదు" అనడం నేర్చుకుంది. ఎవరూ అడక్కపోయినా "ఆ, పార్వతీపురం నుంచి శకుంతల గారు రెండు బుక్ చేసుకున్నారండీ, థాంక్యూ శకుంతల గారూ" అనడం నేర్చుకుంది. ఆ శకుంతల గారు ఈ రెండేళ్ళలో దాదాపు నాలుగొందల చీరలు కొన్నది, పాపం ఆవిడ పుట్టనే లేదు. ధర అడిగితే ఇన్‌బాక్సులోకి రమ్మనడం, అన్నం తింటూ ఎడమచేత్తో జవాబులివ్వడం, ఆషాఢం స్పెషల్, అమావాస్య స్పెషల్, ఏమీ లేకపోతే వానొచ్చింది కాబట్టి వాన స్పెషల్. పదకొండు వేలమంది పోగయ్యారు. తమ్ముడి మగ్గం పక్కన ఇంకో నాలుగు మగ్గాలు ఆడటం మొదలైంది. అది కూడా నిజమే, ఒక్క తప్పే చెప్పి ఊరుకోకూడదు.

ఇక నా పతనం ఎలా జరిగిందంటే, ఒకరోజు "పన్నెండు లోపు బుక్ చేసుకున్నవాళ్ళకే ఈ ఆఫర్, అదిగో గడియారం చూడండి" అంది. పదకొండు యాభై దాటిందో లేదో, ఇక చూస్కోండి, చీర కావాలంటూ ఫోన్లో స్క్రీన్‌షాట్ల వరద. పన్నెండవగానే టక్కున ఆగిపోయింది. సగం చీరలు అలాగే ఉన్నాయి. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. నేనూ ఆ పిల్లని చూశాను. ఫోనుని చీరల గుట్టవైపు తిప్పి, మూలనున్న బూజుకర్ర అందుకుని, అద్దం లేని నా ముఖం మీద పెద్దముల్లుని మెల్లగా పది నిమిషాలు వెనక్కి తోసింది. మళ్ళీ ఫోను నావైపు తిప్పి, "అక్కా, ఇంకా పది నిమిషాలుంది, త్వరపడండి బంగారం!" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. బస్ స్టేషన్లో ఎంతమంది కాళ్ళావేళ్ళా పడినా ఒక్క నిమిషం కదలని ముల్లు నాది. దాన్ని సాలీళ్ళ గూళ్ళు దులిపే కర్ర కదిపింది. ఆ తర్వాత ఆదివారం తప్ప రోజూ ఇదే తంతు. ఒక్కో లైవ్‌లో రెండు సార్లు, గిరాకీ బాగుంటే మూడు సార్లు. అయితే లైవ్ అవగానే ఫోన్లో టైము చూసుకుని అదే కర్రతో నన్ను మళ్ళీ ముందుకి తోసి సరిచేసేది. ఎందుకంటే నాగేంద్రం గారు లైబ్రరీ నుంచి తిరిగొచ్చే వేళకి నేను సరిగ్గా ఉండాలి.

పాపం ఆయనకేమీ తెలియదు. పైగా పొంగిపోయేవాడు. "మా కోడలు నా గడియారం కిందే నిలబడి యాపారం చేస్తదయ్యా. వేలమంది ఆడోళ్ళు దాన్ని చూసే చీరలు కొంటన్నారంట" అని లైబ్రరీలో పేపరు చదివేవాళ్ళందరికీ చెప్పి వచ్చేవాడు. ఆ మాట ఇంటికొచ్చి కోడలి ముందు కూడా అనేవాడు. ఆ పిల్ల తల వంచుకుని చీరలు మడతపెట్టేది.

ఇలా ఉండగా మంజులకి సంబంధం కుదిరింది. ముప్ఫై ఒకటో ఏట, పదకొండు పెళ్ళిచూపులయ్యాక. అబ్బాయి పేరు భాస్కర్, ఒంగోలులో స్కూలు టీచరు. మంచివాడు, మంజుల వంక చూసినప్పుడల్లా చేతిలో ఏదుంటే అది కింద పడేస్తాడు. చిక్కల్లా వాళ్ళమ్మ సుందరమ్మ గారితో. ముహూర్తం అంటే ఆవిడకి ప్రాణం. ఇంతకుముందు ఒక సంబంధం, బయల్దేరుతుంటే ఎవరో తుమ్మారని అక్కడికక్కడే వద్దనుకుందని చెప్పుకుంటారు. తాంబూలాలు బుధవారం పదకొండు నలభైకి పెట్టించింది. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం, ఆలోపు అయిపోవాలని ముందురోజు నాలుగుసార్లు ఫోను చేసింది.

బుధవారం పొద్దున్న ఇంటినిండా మామిడాకుల వాసన. అలాంటి రోజున ఎవరైనా లైవ్ పెడతారా? నీలవేణి పెట్టింది. 'ఆడపడుచు తాంబూలాల స్పెషల్', తొమ్మిది దాకా మాత్రమే. ప్రభాకరం వంటవాళ్ళతో, నాగేంద్రం గారు పెరట్లో షామియానావాళ్ళతో తలమునకలై ఉన్నారు. గిరాకీ అదిరిపోయింది. మూడుసార్లు కర్ర లేచింది, మూడు పదులు ముప్ఫై నిమిషాలు వెనక్కి పోయాను. సరిగ్గా లైవ్ ఆపే సమయానికి ఫోను చార్జింగ్ అయిపోయింది. లోపల గదిలో పెట్టి, వచ్చి నన్ను సరిచేయబోతుండగా పూలవాడు గేటు దగ్గర కేకేశాడు. వెళ్ళింది. అక్కణ్ణుంచి వంటవాళ్ళు, వాళ్ళనుంచి మంజుల జడ, జడనుంచి పట్టుచీర. నేను అరగంట వెనకాల, ముఖానికి బంతిపూల దండ వేయించుకుని నవ్వుతూ కూచున్నాను.

మగపెళ్ళివాళ్ళు పదకొండు గంటలకల్లా రావాలి. వచ్చేసరికి నా లెక్క ప్రకారం పదకొండూ ఐదు. అవధానులు గారని పురోహితుడు, ఆయన పదకొండూ ఇరవైకి వచ్చి కండువాతో చెమట తుడుచుకున్నాడు. ఫోను తీసి చూసుకున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. మళ్ళీ ఫోను చూసుకుని, గబుక్కున సంచిలో వేసుకుని "కానివ్వండి, కానివ్వండి" అన్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అలాగే చేశారు. ఎవరూ కిక్కురుమనలేదు. నాకే నోరుంటే ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని.

నాగేంద్రం గారు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని నా కిందే నిలబడ్డాడు, ఉద్యోగంలో ఉన్నట్టే. నా పెద్దముల్లు ఎనిమిది మీదికి రాగానే గొంతు సవరించుకున్నాడు. "పదకొండు నలభై! తాంబూలాలు పుచ్చుకోవచ్చు!" అని బస్సు బయల్దేరుతోందన్నట్టు ప్రకటించాడు. అందరూ నవ్వారు, సన్నాయి మోగింది, అక్షింతలు పడ్డాయి. మంజుల ముఖం వెలిగిపోయింది. అసలు టైము పన్నెండూ పది.

భోజనాలు పెరట్లో మొదలయ్యాయి. నీలవేణి ఫొటోలు తీద్దామని లోపల గదిలోంచి ఫోను తెచ్చుకుంది. నా ముందుకొచ్చాక టైము చూసింది. పన్నెండూ నలభై. నన్ను చూసింది. పన్నెండూ పది. చెయ్యి నోటికడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నేననుకున్నదే చేసింది. మూలకెళ్ళి బూజుకర్ర తీసుకొచ్చింది.

అప్పుడే మంజుల లోపలికొచ్చింది. "ఏంది వదినా, ఇయ్యాల కూడానా? అందరూ నీకోసం చూస్తన్నారు."

"మంజూ, పొద్దున్న దీన్ని సరిచేయడం మర్చిపోయా. అరగంట వెనకుంది" అంది నీలవేణి.

మంజులకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూలబడింది. "అయితే రాహుకాలంలో పుచ్చుకున్నామా? అమ్మో! ఆవిడకి తెలిస్తే ఇక్కడే ఒద్దనుద్ది వదినా."

"తెలవదు. ముల్లు ముందుకు తోసేస్తా, అయిపోద్ది. ఎవరికీ తెలవదు."

"నీకు తెలుసుగా. ఇప్పుడు నాక్కూడా చెప్పావుగా" అంది మంజుల. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రేపు నా ఇంట్లో పాలు విరిగినా, ఆయనకి జ్వరమొచ్చినా నాకు ఇదే గుర్తొస్తది. నీకూ అంతే. ఒకటిన్నర దాటాక ఇంకో ముహూర్తం ఉందని పంతులుగారు నిన్న నాన్నతో అన్నారు. కానీ అది కావాలంటే చెప్పాలి. చెబితే పోద్దేమో. నాకేం తోచట్లేదు వదినా, నువ్వే చూడు."

నీలవేణి కర్ర ఎత్తింది. దాని కొస నా ముల్లుకి ఆనింది. ఒక్క తోపు, అంతే. రెండేళ్ళలో అంత నెమ్మదిగా ఎప్పుడూ ఎత్తలేదు. అలా ఎంతసేపుందో చెప్పగలను గానీ, ఆ రోజు నా మాటకి విలువ లేదు. చివరికి కర్ర దించి గోడకి ఆనించి, కొంగు బిగించి, పెరట్లోకి నడిచింది. తలుపు బార్లా తీసే ఉంది, నాకంతా కనిపించింది.

"అత్తయ్యగారూ" అంది సుందరమ్మ గారి విస్తరి ముందు నిలబడి. పులిహోర వడ్డించేవాడు గరిటె అలాగే పట్టుకుని ఆగిపోయాడు. "తప్పు నాది. మంజులకి గానీ మా మావయ్యకి గానీ దీంతో సంబంధం లేదు. నేను లైవుల్లో ఆఫర్ టైము సాగదీయడానికి గడియారం వెనక్కి తిప్పుతుంటాను. ఇయ్యాల తిప్పి మళ్ళీ సరిచేయలేదు. తాంబూలాలు పదకొండు నలభైకి కాదు, పన్నెండూ పదికి పుచ్చుకున్నాం. తిట్టాలంటే నన్ను తిట్టండి."

సుందరమ్మ గారు చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేసింది. మంజుల తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఇక ఆవిడ లేస్తుంది, వాను ఎక్కుతుంది అనుకున్నాను.

ముందు నోరు విప్పింది అవధానులు గారు. ఆయన అరిటాకు వంక చూస్తూ మాట్లాడాడు. "నేనూ చూశానమ్మా. ముందు ఇంకో ఇంట్లో సత్యనారాయణ వ్రతం, అక్కడ ఆలస్యమైంది. వచ్చేసరికి పన్నెండుకి పదే ఉంది. గోడ మీద పదకొండూ ఇరవై కనిపించింది. అమ్మయ్య అనుకుని..." అని మిగతాది మజ్జిగతో మింగేశాడు.

సుందరమ్మ గారు ఆయన వంక ఉరిమి చూసింది. తర్వాత ఆ చూపు తనంతట తనే వాలిపోయింది. "మేము మాత్రం టైముకొచ్చామా ఏంది?" అంది మెల్లగా. "చీర నచ్చక రెండోసారి మార్చుకున్నా. వాను దిగేసరికి పదకొండు ముప్పై ఐదు. మీ గడియారం చూసి, దేవుడున్నాడు, మా పరువు నిలిచింది అనుకున్నా. మా మరిది వాచీ చూపించబోతే చెయ్యి మీద కొట్టా."

"నేను ఫోనే ఆపేశానమ్మా" అన్నాడు భాస్కర్. గ్లాసు పడేశాడు కూడా. "పన్నెండు దాటిందని చూసి ఆపేశా. నువ్వు చూస్తే ఇంకో నెల వాయిదా అంటావని."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో అందుకున్నారు. చివరికి సుందరమ్మ గారు కూడా కొంగుతో నోరు మూసుకుని ఊగిపోయింది. మంజుల నవ్వుతూ ఏడుస్తూ నీలవేణిని కావలించుకుంది. ఒంటిగంటా యాభై రెండుకి రెండోసారి తాంబూలాలు పుచ్చుకున్నారు. ఈసారి ఎవరి ఫోన్లు వాళ్ళే తీసి చూసుకున్నారు. నావైపు ఒక్కరూ తలెత్తలేదు.

అంతా సుఖాంతమేగా అంటారు. అందరూ చూసి ఊరుకున్నారు, అందరూ అబద్ధంలోంచి తలా కాస్త పంచుకున్నారు. నిజంగా తెలియనివాడు ఒక్కడే. నాగేంద్రం గారు అందరూ నవ్వుతున్నప్పుడే విస్తరి ముందునుంచి లేచాడు. కోడలి దగ్గరకొచ్చి ఒక్కటే అడిగాడు. "ఎన్నాళ్ళనుంచమ్మా?"

"రెండేళ్ళనుంచి మావయ్యా."

"రోజూనా?"

"ఆదివారం తప్ప" అంది ఆ పిల్ల.

ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక స్టూలెక్కి నన్ను దించాడు. దండ తీసి, వెనకాల బ్యాటరీ తీసి, అదే హాల్లో బీరువా మీద సూట్‌కేసుకి ఆనించి నిలబెట్టాడు. నాతో ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది, నాకు కాస్త భారం తగ్గేది.

ఆ రోజునుంచి కోడలితో మాటలు బంద్. కోపంగా చూడడు, విసుక్కోడు, అసలు మాట్లాడడు. ఆవిడ ఎదురుగానే నిలబడి కాఫీ ఇస్తుంటే పాలు పోసే పాలమ్మితో "చక్కెర తగ్గించమని చెప్పమ్మా" అనేవాడు. పాలమ్మి అటు తిరిగి "చక్కెర తగ్గించాలంటమ్మా" అనేది, నీలవేణి "సరేనని చెప్పు" అనేది. పాలమ్మికి ఈ ఇంట్లో పాలు పోయడం కంటే వార్తలు మోయడమే ఎక్కువైపోయింది. లైబ్రరీకి వెళ్ళడం కూడా మానేశాడు. అక్కడివాళ్ళకి ఇన్నాళ్ళూ చెప్పిన గొప్పలు గుర్తొచ్చి కాబోలు, వరండాలో కుర్చీ వేసుకుని గేటు వంక చూస్తూ కూచునేవాడు. ఆ పిల్ల వంటింట్లో ఏడుస్తుంటే నాకు వినపడేది. ఆడపడుచు సంబంధం నిలబడింది, మామగారు మాత్రం ఆ పిల్లకి లేకుండా పోయాడు.

నాలుగో రోజున చీరల పెట్టె అట్ట ఒకటి చింపి, మానేయాల్సినవన్నీ స్కెచ్చు పెన్నుతో రాసి, ఫోను వెనకాల గోడకి అంటించింది. లాస్ట్ పీస్ అని ఉంది, శకుంతల అని ఉంది, ఇన్‌బాక్స్, అన్నం, స్పెషల్ అని ఉన్నాయి. బంగారం అని కూడా రాసి, తర్వాత కొట్టేసింది. అది మానడం తనవల్ల కాదనిపించిందేమో. బూజుకర్రని తీసుకెళ్ళి పక్కింటావిడకి ఇచ్చేసింది.

ఆ రోజు లైవ్‌లో జరిగిందంతా చెప్పి "ఇకనుంచి ఇవన్నీ మానేస్తన్నా అక్కా" అంది. 'ఇది కొత్త ఆఫరా సిస్టర్' అని ఒకామె అడిగింది. 'ఎన్నింటిదాకా' అని ఇంకొకామె. "ఆఫర్ కాదక్కా, టైమేమీ లేదు, ఎప్పుడైనా ఇదే రేటు" అంటే 'అయితే తీరిగ్గా చూస్తాం' అని అందరూ వెళ్ళిపోయారు. అమ్మకాలు సగానికి పడిపోయాయి. అలవాటు ఊరుకుంటుందా? "త్వరప..." దాకా వచ్చి నాలిక్కరుచుకుని దగ్గేది. 'సిస్టర్‌కి దగ్గు తగ్గట్లేదు, మిరియాల పాలు తాగండి' అని నలభైమంది సలహాలిచ్చారు. ప్రభాకరం కూడా "అందరూ చేసేదేగా, నీకొక్కదానికే ఎందుకు?" అన్నాడు. ఆ పిల్ల వరండాలో కుర్చీ వైపు చూసింది.

పందొమ్మిదో రోజు. ఆ లెక్క నాది కాదు, నా బ్యాటరీ తీసేశారు కదా. పొద్దున్న పాలమ్మి "పందొమ్మిది రోజులయ్యింది, ఇంకెన్నాళ్ళయ్యా ఈ మౌనం" అంటే తెలిసింది. లైవ్ నడుస్తోంది. నీలవేణి చిలకాకుపచ్చ కుప్పడం చీర పట్టుకుని చూపిస్తోంది. తణుకు నుంచి ఒకావిడ తనకొకటి కావాలంటూ ఎన్ని ఉన్నాయని అడిగింది. "పదకొండున్నాయండీ" అంది ఈ పిల్ల.

వెంటనే ఆవిడ రాసిన మాటలు నీలవేణి పైకి చదివింది. "పోయినేడు లాస్ట్ పీస్ అన్నారని పరుగున కొన్నాను. మా వీధిలోనే నలుగురు అదే చీర కట్టుకున్నారు. ఇప్పుడు పదకొండంటే మాత్రం నమ్మేదెలా సిస్టర్?" కింద ఇంకొందరు 'అవును నిజమే' అని రాశారు. నీలవేణి ఏం చెప్పగలదు, ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేముంది? చీర పట్టుకున్న చేతులు కిందికి దిగిపోయాయి.

వరండాలో కుర్చీ కిర్రుమంది. నాగేంద్రం గారు బనీనూ లుంగీతోనే లోపలికొచ్చి, ఫోను ముందునుంచి తిన్నగా నడిచి చీరల రాక్ దగ్గరకెళ్ళాడు. "మావయ్యా, లైవ్..." అంది నీలవేణి. ఆయన విన్లేదు. వేలు తడి చేసుకుని, చిలకాకుపచ్చవి ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెడుతూ పైకే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పదకొండు దగ్గర ఆగి, అడుగున చెయ్యిపెట్టి తడిమాడు. ఇంకొకటి బయటికి తీశాడు.

"పన్నెండు" అన్నాడు.

నీలవేణి ముఖం పాలిపోయింది. "నిజంగా పదకొండే అనుకున్నా మావయ్యా, ఒట్టు. అది అడుగున పడిపోయినట్టుంది, నేను చూడలేదు."

ఆయన ఆ పన్నెండో చీర చేత్తో పట్టుకుని ఫోను దగ్గరకొచ్చి, కళ్ళజోడు పైనుంచి అందులోకి తొంగిచూశాడు. ముందు ఎవరితో మాట్లాడాలో తెలియక ఫోనుకే నమస్కారం పెట్టాడు. "అమ్మా, తణుకు అమ్మా. మొత్తం పన్నెండున్నాయి. మా కోడలు పదకొండని చెప్పింది. నేను ముప్పై ఏళ్ళు ఇదే పని చేశానమ్మా, తేడా నాకు తెలుసు. ఇది పొరపాటు. అబద్ధం కాదు."

నీలవేణి కొంగు నోటికడ్డం పెట్టుకుని, లైవ్ ఆపకుండానే, పదకొండు వేలమంది ముందు బావురుమంది. నాగేంద్రం గారు పాలమ్మి కోసం అటూ ఇటూ చూడలేదు. తిన్నగా కోడలి వైపే తిరిగి, పన్నెండో చీర ఆమె చేతిలో పెట్టాడు.

"ఏడవొచ్చులేమ్మా తర్వాత. ముందు ఆ తణుకావిడికి చీర తీసిపెట్టు."